వెనక పేజీలో మూడో పేరు

"మడతలు ఇంకో అరవై ఉన్నాయి పిన్నీ," అంది ఆర్డిత్.

వెల్డా పిన్నికి ఎనభై మూడు. చెవిలో మిషను ఉంది గానీ ఆ మిషనుకే ఓ మిషను కావాలి. "మిడతలా? అరవయ్యా?" అని కెవ్వుమంటూ పాదాలు రెండూ కుర్చీ మీదకి లాగేసుకుంది. వంటగదిలో విందుకి హామ్, అదే పంది మాంసం, ముక్కలు కోస్తున్న చర్చి స్నేహితురాలు లవర్న్ చీపురు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఎక్కడే? కుకీల బల్ల మీదకి గానీ పోయాయా?" "మిడతలు కావు లవర్న్, మడతలు. ఈ కాగితాలు మడవడం." "ఓసి మీ ఇల్లు బంగారం గానూ! బైబిల్లో మోషే కాలం నాటి మిడతల దండు మళ్లీ వచ్చిందనుకున్నా," అంటూ లవర్న్ చీపురు భుజానేసుకుని వెళ్లిపోయింది. పిన్ని కాళ్లు దించింది. అదీ బల్ల కిందకి ఓ చూపు చూశాకే.

నవ్వొచ్చింది ఆర్డిత్‌కి. ఇంకా నవ్వు వస్తున్నందుకు కాస్త సిగ్గూ వేసింది. పదిన్నర. చర్చి కింది హాలు. పైన సరిగ్గా గంటలో చిన్నకొడుకు రీస్ పెళ్లి. ఎదురుగా నూట నలభై ప్రోగ్రాం కాగితాలు. పెళ్లికొచ్చిన ప్రతివాళ్ల చేతిలోనూ ఒకటి పెట్టాలి. ఎవరు ముందు నడిచొస్తారు, ఏ కీర్తన పాడతారు, వాక్యం ఎవరు చదువుతారు, దీపం ఎవరు వెలిగిస్తారు, అన్నీ అందులో ఉంటాయి. అచ్చాపీసుకి ఎందుకు అత్తయ్యా, మనమే చేసుకుందాం అంది కెల్సీ, కోడలు కాబోయే పిల్ల. తన ల్యాప్‌టాప్‌లో తనే దిద్దుకుని, తన ఇంట్లో ప్రింటరు మీద తనే తీసింది. మీగడరంగు మందపాటి కాగితం. మడిచి, వీపున రెండు చిల్లులు పొడిచి, ముదురు ఎరుపు రిబ్బను దూర్చి ముడేస్తే అయిపోయె. మడత ఆర్డిత్‌ది, ముడి పిన్నిది. అయినవి అయినట్టు ఎనభై బుట్టలో సర్ది పిన్ని ఇందాకే పైకి మోసుకెళ్లి గుమ్మం దగ్గర పెట్టేసి వచ్చింది, మెట్టుకో మూలుగు మూలుగుతూ.

ఎడమ అంచు కుడి అంచుకి తెచ్చి, మూలలు కలిపి, చెంచా వీపుతో గట్టిగా ఒక్క రాపు. ఎడమ, కుడి, రాపు. ఎడమ, కుడి, రాపు. మొదటి రెండు కాగితాలకీ మడత దగ్గర పెచ్చు లేచింది. అప్పుడు గుర్తొచ్చింది, మెర్ల్ చెప్పేవాడు, కాగితానికీ నార ఉంటుందే, నార పోయిన దారిలో మడిస్తే వింటుంది, అడ్డం మడిస్తే పగుల్తుంది. మొగుడు మెర్ల్ ఇరవై తొమ్మిదేళ్లు కాగితం మిల్లులో చేశాడు. ఆ ఇరవై తొమ్మిదేళ్లూ ఊరంతా ఉడికిన క్యాబేజీ కంపు. కంపెనీ పోయాక కంపు పోయింది, కంపుతోపాటు ఊరూ పోయింది. ఇప్పుడు నది మీంచి గాలి శుభ్రంగా వస్తుంది, పీల్చేవాళ్లే లేరు. నార చూడాలంటే కాగితాన్ని కొంచెం వంచి చూడు, తేలిగ్గా వంగిన వైపే దాని దారి. పెద్దకొడుకు క్లేకి కూడా అలాగే నేర్పాడు. మెర్ల్ వాణ్ని ఏ వైపుకి వంచాడో మరి, వాడి నార చూసుకున్నాడో లేదో. ఇద్దరిలో ఎవరూ వంగే రకం కాదు. ఒకరి పక్కన ఒకర్ని నిలబెడితే పగులే. క్లే ఆరాధన జరుగుతుంటే చర్చి కాగితంతో కప్ప చేసేవాడు, వీపు మీద నొక్కితే ఎగిరే కప్ప. ఓసారి అది ఎగిరి ఎగిరి పాస్టరు గారి బూటు మీద వాలింది. మెర్ల్ వాణ్ని చెవి పట్టుకుని బయటికి నడిపించాడు, వాడు ఆ వంగిన చెవితోనే నవ్వుకుంటూ నడిచాడు. క్లే అంటే మట్టి. క్లేటన్ అని తనే పెట్టింది, ముద్దుకి మట్టి చేసింది తనే. పేరులో ఏముందిలే అనుకునే వయసులో పెడతాం పేర్లు.

"ఇది ఊడిపోతోందే, నా వేళ్లు మాట వినట్లేదు," అని పిన్ని ఓ కాగితం ఇటు తోసింది. బోర్లా వచ్చింది. ముడి సరిచేద్దామని అలాగే ఎత్తి పట్టుకుంది ఆర్డిత్. అప్పుడు చూసింది వెనక పేజీ. ఇందాకట్నుంచీ మడతేసినప్పుడల్లా బల్లకేసి పడుకున్న పేజీ. మొన్న కెల్సీ చూపించినప్పుడు అది తెల్లగా ఉంది, అక్కడ మీ అందరికీ కృతజ్ఞతలు అని ఏదో రాస్తాను అత్తయ్యా అంది. రాసింది. కృతజ్ఞతల కింద చిన్న పావురం బొమ్మ. పావురం కింద, 'పరలోకం నుంచి మమ్మల్ని దీవిస్తున్న మా వాళ్లు'. ఒకటి, హార్లన్ స్ట్రౌడ్, వరుడి తాత. రెండు, లుసిల్ బీమ్, వధువు అమ్మమ్మ. మూడు, క్లేటన్ మెర్ల్ స్ట్రౌడ్, వరుడి అన్న. ఆ కింద ఒక్క వాక్యం: 'వీరి జ్ఞాపకార్థం మొదటి వరుసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంచాం.'

చెంచా ఎక్కడ పెట్టిందో తెలియలేదు. కుర్చీ, అవును కుర్చీ, తనే అడిగింది. మూడు వారాల కిందట, తన వంటింట్లో, కెల్సీ నోటుపుస్తకం పెట్టుకుని ఎవరెక్కడ కూర్చోవాలో కూర్చుకుంటోంది. తను సింకు వైపు తిరిగి నిలబడి, గిన్నె లేకుండానే గిన్నె తోముతూ, "మొదటి వరుసలో క్లేకి ఒక కుర్చీ ఖాళీగా ఉంచమ్మా" అంది. ఆ ఒక్క మాట అనడానికి తనకి వారం పట్టింది. వస్తే, ఎలాగో తెలిసి, ఎవరో చెప్పి, ఏ బస్సో పట్టుకుని వస్తే, తలుపు దగ్గర నిలబడి చోటు లేదనుకుని వెనక్కి పోకూడదని. కెల్సీ ఏమీ అడగలేదు. లేచి వచ్చి వెనకనుంచి వాటేసుకుంది, దాని కన్నీళ్లు తన జాకెట్టు భుజం మీద వెచ్చగా దిగాయి. ఈ పిల్లకి అర్థమైంది దేవుడా, చెప్పకుండానే అర్థమైంది అనుకుని ఎంత పొంగిపోయింది తను! అర్థమైంది నిజమే. పెళ్లిళ్లలో కుర్చీ ఎవరికి ఖాళీగా ఉంచుతారు? పోయినవాళ్లకి. పోయినేడు లవర్న్ వాళ్ల అమ్మాయి పెళ్లిలో తాతగారి కుర్చీ మీద ఆయన టోపీ పెట్టారు, అందరూ కళ్లు తుడుచుకున్నారు, తనూ తుడుచుకుంది. రీస్ ముందే చెప్పి ఉంటాడు దానికి, మా ఇంట్లో అన్న మాట ఎత్తకు, అమ్మ తట్టుకోలేదు అని. ఎత్తకపోవడమే కదా ఇంట్లో అందరూ చేస్తున్న పని, ఇంట్లో అతి బరువైన వస్తువు అదే మరి, ఎవరూ ఎత్తరు. ఎవరూ చెప్పని చోట, ఎవరూ అడగని చోట, తెలివైన పిల్ల తనకి తెలిసిన ఆచారంతో ఖాళీ పూరించుకుంది. శుభలేఖ వెనకాలే శోకలేఖ అచ్చేసింది, అదీ ప్రేమతో, వంకీలు తిరిగిన అక్షరాలతో.

కత్తెర. కింద మూడు వేళ్ల మేర కత్తిరించేస్తే? లోపల ఆ మూడు వేళ్లలోనే ప్రమాణాలూ, దీపమూ, ఆశీర్వాదమూ ఉన్నాయి. కొడుకుని కాపాడబోతే కొడుకు పెళ్లి తెగుతుంది. నల్ల పెన్నుతో కొట్టేస్తే? పేరు కొట్టేయడం, వాడి పేరు కొట్టేయడానికి తను పెన్ను పట్టుకోవడం, మెర్ల్ చేసింది అదే కదా, వాడు ఇంట్లోకి రాకుండా తలుపు తాళం మార్చిన రోజున గోడమీద వాడి ఫొటో దింపి బోర్లా పెట్టాడు, ఇదిగో ఈ కాగితంలాగే. పైగా ఎనభై ఇప్పటికే పైన ఉన్నాయి. పైన అడుగుల చప్పుడు, బూట్లు, మడమలు, కుర్చీలు జరుపుతున్న కిర్రు. ఒక్కో జత బూట్లూ లోపలికొచ్చి, చేయి చాచి, ఒక్కో కాగితం తీసుకుని, తిప్పి చూసి. క్లే నడుము విరిగింది కప్పు మీంచి పడి, వానరోజున ఇంటికప్పు వేయడమేమిటిరా అంటే వినలేదు. మందులిచ్చారు. ముందు నొప్పికి మాత్ర, తరవాత నిద్రకి మాత్ర, తరవాత మాత్ర లేకపోతే నొప్పి, ఆఖరికి మాత్ర మాత్రం మిగిలింది, వాడు పోయాడు. పోయాడు అనకు. ఆ మాట అనకు. నువ్వే అంటున్నావు చూడు. మాత్రలు ఆగాక మత్తు సూది. తాత హార్లన్ గడియారం పోయింది, తన పెళ్లి నాటి వెండి చెంచాలు పోయాయి, అందుకే ఈ స్టీలు చెంచా. అప్పటినుంచి ఇదే హాల్లో, ఇదే బల్ల దగ్గర, కాఫీ పోస్తూ ఎవరడిగినా "క్లే టెక్సాస్‌లో ఉన్నాడండీ, చమురు బావుల దగ్గర పని, తీరికే ఉండదు." ఎంత మంచి ఉద్యోగం ఇచ్చింది వాడికి! రెండుసార్లు ప్రమోషను కూడా ఇచ్చింది. ఆఖరి ఫోను పోయిన ఫిబ్రవరికి ముందటి ఫిబ్రవరిలో, తెలియని నంబరు. "అమ్మా, ఇక్కడేం చలిగా లేదులే" అన్నాడు, పళ్లు టకటక కొట్టుకుంటూ. ఎక్కడరా అనేలోపు కట్టైంది. ఇరవై నెలలు. జిల్లా శవాల గదికి రెండుసార్లు ఫోన్ చేసింది తను, మెర్ల్ స్నానం చేస్తున్నప్పుడు, నీళ్ల చప్పుడులో. రెండుసార్లూ లేడన్నారు. లేడు అన్నందుకు థాంక్సండీ అంది. ఏ తల్లి అంటుంది ఆ మాట, లేడంటే థాంక్సని.

మరి ఉండనిస్తే? ఆ ఆలోచన ఎవరో మర్యాదస్థుడు టోపీ తీసి లోపలికొచ్చినట్టు నెమ్మదిగా వచ్చింది. వాడికి మొదటి వరుసలో చోటు, తాతగారి పక్కన పేరు, మీద పావురం. ఇన్నేళ్లలో వాడి పేరు పోలీసు రిజిస్టరులో తప్ప మరెక్కడైనా ఇంత అందంగా రాశారా? చచ్చిపోయిన కొడుకుంటే ఊరు ఊరంతా పరామర్శకి నూడుల్స్ గిన్నెలు పట్టుకుని వస్తుంది, హామ్ వస్తుంది, బంగాళాదుంప సలాడ్ వస్తుంది, గిన్నెల అడుగున ప్లాస్టరు మీద ఎవరి పేరు వాళ్లు రాసి ఉంటుంది. బతికుండి కనబడని కొడుకుంటే ఎవ్వరూ గిన్నె తేరు. ఏం తెస్తారు, ఏమని తెస్తారు? వాడు పోయాడంటే దిగిపోతుంది బరువు. ఏడవొచ్చు. అందరిముందూ, పగలు, కూర్చుని, సుబ్బరంగా.

మెట్ల మీద మెర్ల్ బూట్లు. తన తండ్రి హార్లన్ అంత్యక్రియలకి కుట్టించిన సూటే, ఇప్పుడు బొత్తాం పెట్టుకుంటే ఊపిరాడదు, ఊపిరి పీలిస్తే బొత్తాం ఆగదు. "పాస్టరు గారు పిలుస్తున్నారు. ఇంకా ఎంతసేపు?" ఆర్డిత్ వెనక పేజీ పైకి పెట్టి బల్ల మీంచి జరిపింది. అతను చూడలేదు. చూడకుండానే తెలిసినట్టు నిలబడ్డాడు.

"నీకు తెలుసా మెర్ల్?"

"ఆ పిల్ల ఫోన్ చేసింది. నువ్వు సంతకెళ్లావు. వాడి పూర్తి పేరు అడిగింది, మధ్యలో పేరేమిటని. మెర్ల్ అని చెప్పా."

"ఏ పేజీకో చెప్పిందా?"

"చెప్పింది."

"చెప్తే?"

"ఉండనీ ఆర్డిత్."

"బతికున్న బిడ్డ పేరు!"

"ఇప్పుడేం చేస్తావ్, పైకెక్కి ఉపన్యాసం ఇస్తావా? టెక్సాస్ నుంచి సెలవు దొరకలేదని చెప్తావా?" అన్నాడు. ఆ టెక్సాస్ అన్న చోట గొంతు పగిలింది, అడ్డం మడిచిన కాగితంలా. "రీస్ పెళ్లి ఇవాళ. ఒక్కరోజు, ఒక్కడికి ఇవ్వు." తిరిగి మెట్లెక్కేశాడు. మెర్ల్ వీపు వెడల్పు తగ్గింది ఈ మధ్య, ఎప్పుడు తగ్గింది, వేసవిలోనా, తను చూడనేలేదు. ఆగస్టులో వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు, ఎండ అనుకుంది.

"ఏమంటాడే?" అంది పిన్ని.

"ఏం లేదు పిన్నీ. త్వరగా రమ్మంటున్నాడు."

కెల్సీకి చెప్పాలి. ఇప్పుడా? అద్దం ముందు కూర్చుని ఉంటుంది, జుట్టు నిండా పిన్నులతో, నోట్లో పిన్నులతో. అయ్యో తల్లీ, నువ్వు చంపేశావమ్మా అని చెప్పాలా? అది చంపలేదు, తాము పాతిపెట్టి ఉంచినదాన్ని చూసి సమాధిరాయి పెట్టింది, అంతే. మిగిలిన మడతలు మడుస్తూనే ఉన్నాయి చేతులు, ఎడమ, కుడి, రాపు, చేతులకి బుద్ధి లేదు. మడిచిన ప్రతిదాంట్లోనూ వాడు మళ్లీ ఒకసారి. నూట నలభై సార్లు. లవర్న్ వచ్చింది, ఈసారి చీపురు లేదు, ఏప్రాను లేదు, చేతిలో పైనుంచి తెచ్చుకున్న కాగితం. ముఖం అంతా కరిగిపోయి ఉంది. వచ్చి ఆర్డిత్ రెండు చేతులూ పట్టుకుంది, చెంచాతో సహా.

"ఇంత పెట్టుకుని మాకు ఒక్కమాట చెప్పలేదేమిటే? నేనేదో మిడతలని గంతులేస్తుంటే నవ్వావు కూడానూ. ఎప్పుడే? ఎప్పుడు పోయాడే మన క్లే?"

మన క్లే. ఎన్నాళ్లయింది వాణ్ని ఎవరైనా మన అని. లవర్న్ చేతులు వెచ్చగా, హామ్ వాసనతో, ఎంత మెత్తగా ఉన్నాయంటే అందులోకి కూలిపోవచ్చు. ఆర్డిత్ నోరు తెరిచింది. "ఫిబ్రవరిలో" అంది.

అంది. తన చెవులతో తనే వింది. నోరు ఆగకుండా ఇంకా రోజు వెతుకుతోంది, పదకొండా, పన్నెండా, మంచురోజున, చలిగా లేదులే అన్నాడండీ ఆఖరిమాట, నిద్రలోనే పోయాడండీ, నొప్పి తెలియలేదండీ. టెక్సాస్ ఎంత తేలిగ్గా వచ్చిందో ఇదీ అంత తేలిగ్గా వస్తోంది, తారీఖు వస్తే ఊరొస్తుంది, ఊరొస్తే గోరీ వస్తుంది, రేపట్నుంచి గిన్నెలొస్తాయి, ఆ గిన్నెలు తను కడిగి తిరిగిస్తుంది. ఏదో ఒక రోజున నిజంగా ఫోన్ మోగితే, అమ్మా అంటే, ఎత్తాలంటే భయమేస్తుంది. లెక్కప్రకారం పోయినవాడు పిలుస్తున్నాడని కట్ చేస్తుంది. తనే కట్ చేస్తుంది.

"కాదు," అంది. "లవర్న్, కాదు. వదులు నా చేతులు."

మెట్లు పదహారు. ఎక్కుతుంటే లంగా అంచు కాలికి పడుతోంది, వాయిద్యం అప్పటికే మొదలైంది, వరుడి తల్లిని ఎవరో చేయి పట్టుకుని నడిపించాలట, ప్రోగ్రాంలో రెండో అంశం, ఎవరూ నడిపించకుండానే నడిచింది. ఇరుపక్కలా కాగితాలు, ఒళ్లలో, చేతుల్లో, విసురుకుంటున్న చేతుల్లో, పావురాలు పైకీ కిందికీ ఎగురుతున్నాయి. జాలితో తలలు ఊపుతున్నారు తనని చూసి. మొదటి వరుసలో మెర్ల్, అతని పక్కన కుర్చీ, దానిమీద తెల్ల పువ్వు. బలిపీఠం దగ్గర రీస్ తనవైపు చిరునవ్వుతో చూస్తున్నాడు, వీడు వెనక పేజీ చదవనేలేదు, వీడెప్పుడూ అంతే, మొదటి పేజీ పిల్లాడు. పాస్టరు గారి ముందునుంచి మైకు తీసుకుంది. అది కీచుమంది. వాయిద్యం ఆగిపోయింది.

"క్షమించండి. ఒక్క నిమిషం. కాగితం వెనక మూడో పేరు తప్పు. కెల్సీ తప్పేం లేదు, దాన్ని ఎవరూ ఏమీ అనకండి. మా క్లేకి ఒక కుర్చీ ఖాళీగా ఉంచమ్మా అని నేనే అడిగాను. ఎందుకో చెప్పలేదు. అది పోయినవాళ్లకి ఉంచే కుర్చీ అనుకుంది పాపం, ఎవరైనా అదే అనుకుంటారు. నేనడిగింది వాడొస్తే కూర్చోవడానికి. వాడు టెక్సాస్‌లో లేడు, ఎప్పుడూ లేడు, మీ అందరికీ అబద్ధం చెప్పాను. లవర్న్, ఇప్పుడు కింద నీకూ చెప్పబోయాను, ఇంకోటి. వాడికి మత్తు అలవాటైంది. ఇల్లొదిలి వెళ్లాడు. అంతే. అదీ జరిగింది."

వెనక తలుపు తెరిచి ఉంది. తెల్ల గౌనులో, తండ్రి మోచేయి పట్టుకుని, కెల్సీ. ఎంతసేపైందో వచ్చి. ఆ పిల్ల ఈ ఇంట్లో ఎవరూ అడగని మాట అంత దూరంనుంచి అందరికీ వినబడేలా అడిగింది.

"మరి ఎక్కడున్నారు అత్తయ్యా?"

"తెలీదమ్మా. ఇరవై నెలలైంది. ఎవరైనా... మీలో ఎవరికైనా కనబడితే... పొడుగ్గా ఉంటాడు. ఎడమ కనుబొమ్మ మీద గాటు. గోధుమరంగు జుట్టు. గడ్డం ఉండదు, వాడికి దురద—"

"గడ్డం ఉంది," అన్నాడు మెర్ల్.

అతను లేవలేదు. తన బూట్లకి చెబుతున్నట్టు చెప్పాడు, గానీ ఆ నిశ్శబ్దంలో వెనక వరుస దాకా పోయింది. "ఛాతీ దాకా ఉంది. ఆగస్టులో చూశాను. నది అవతల, బస్సు స్టాండు వెనక. బతికున్నాడు, అంతే, ఇంకేం లేదు. నన్ను గుర్తుపట్టలేదు. అన్నం పొట్లం ఇస్తే థాంక్స్ సార్ అన్నాడు." బొత్తాం తెగి ఎక్కడో దొర్లింది. "ఆ పిల్ల ఫోన్ చేసి పేరు అడిగినప్పుడు... పెళ్లినాటికి ఎలాగూ నిజమైపోతుందనుకున్నా. చెప్పేశా."

మైకు ఇంకా ఆర్డిత్ చేతిలోనే ఉంది. మొగుడి నెత్తి మీద పల్చబడ్డ జుట్టు వైపు చూసింది.

"అయిందా?" అంది.

"తెలీదు," అన్నాడు మెర్ల్. "మళ్లీ వెళ్లలేదు."